టెక్కలి, పలాస, రాజాం: మాటల తూకం మెదడుకెలా తెలుస్తుంది

సాయంత్రం ఆరింటికి శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సు. ఇంజన్ల రొద, హారన్లు, పల్లీలమ్మేవాళ్ల కేకలు, మైకులో ప్రకటన, అన్నీ ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. ఆ గోల మధ్యలోంచి ఒక కండక్టరు గొంతు: "టెక్కలి టెక్కలి టెక్కలి". రెండు బస్సుల అవతల మరో గొంతు: "పలాస పలాస పలాస". సంచీ పట్టుకుని నిలబడ్డ ప్రయాణికుడికి అక్షరాలు సగం కూడా సరిగ్గా వినబడవు. అయినా తన బస్సు ఏదో తెలిసిపోతుంది. కాళ్లు అటే కదులుతాయి.

ఈ ఊళ్ల పేర్లను ఛందస్సు పాఠంలో చెప్పినట్టు మాత్రల్లో కొలిచి చూడొచ్చు. పొట్టిగా పలికే అక్షరం లఘువు, దానికి ఒక మాత్ర. సాగేదీ, ఒత్తక్షరానికి ముందుండేదీ గురువు, దానికి రెండు. టెక్కలిలో ముందు గురువు, తర్వాత రెండు లఘువులు: మొత్తం నాలుగు మాత్రలు. పలాసలో లఘువు, గురువు, లఘువు: అదీ నాలుగే. రాజాంలో రెండు గురువులు: అదీ నాలుగే. నోటికి పట్టే కాలం ఇంచుమించు ఒక్కటే, బరువు పడే చోటు మాత్రం వేరు. టెక్కలి బరువు మొదట, పలాస బరువు నడుమ, రాజాం బరువు అంతటా. హల్లులు గోలలో కొట్టుకుపోయినా ఈ బరువుల వరస మిగులుతుంది. బొబ్బిలి బస్సూ టెక్కలి బస్సూ పక్కపక్కనే నిలబడితే మాత్రం చిక్కే, ఆ రెండు పేర్లదీ ఒకే అచ్చు. అప్పుడు చెవి హల్లుల కోసం వెతుక్కోవాల్సిందే.

అలా మిగిలిన బరువుల వరసతో మెదడు ఏం చేస్తుందన్నది గత పాతికేళ్లలో బాగా తేటపడిన విషయం. మనిషి మాట్లాడుతున్నప్పుడు నోరు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. తెరుచుకున్నప్పుడు శబ్దం పొంగుతుంది, మూసుకున్నప్పుడు తగ్గుతుంది. ఒక్కో పొంగు సుమారుగా ఒక్కో అక్షరం. ఏ భాష తీసుకున్నా ఈ పొంగులు సెకనుకు నాలుగైదు వస్తాయని 2017లో అచ్చయిన ఒక పరిశోధన చాలా భాషల రికార్డింగులు కొలిచి చూపించింది. సంగీతంలో ఇదే కొలత సెకనుకు రెండు దగ్గర ఉంటుంది. మెదడులో వినికిడిని చూసే భాగం చెవికి ఎగువన, కణతల లోపలి వైపున ఉంటుంది. తల మీద తీగలు అతికించి ఈఈజీ తీస్తే, మాట వింటున్నంతసేపూ అక్కడి విద్యుత్ తరంగాలు ఈ పొంగులతోపాటే లేచి పడుతుంటాయి. సెకనుకు 4 నుంచి 8 సార్లు ఊగే ఈ తరంగాలకు థీటా అని పేరు. మాటల వేగమూ వీటి వేగమూ దాదాపు ఒకటే కావడం యాదృచ్ఛికం కాదని చాలామంది శాస్త్రవేత్తల నమ్మకం. మెదడు సొంతంగా తాళం వేస్తూ మాటను అందులో ఇముడ్చుకుంటుందా, లేక ప్రతి పొంగుకీ విడివిడిగా స్పందిస్తుంటే పైకి తాళంలా కనిపిస్తుందా అన్నదాని మీద వాళ్లలో వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

ఈ వేగానికి ఓ హద్దు ఉందని చూపించే ప్రయోగం ఒకటుంది. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌ని రెట్టింపు వేగంతో వినడం ఇప్పుడు అందరికీ అలవాటే, అర్థమవుతుంది కూడా. మూడు రెట్లు చేస్తే మాట దాదాపుగా చెదిరిపోతుంది. ఘిట్జా, గ్రీన్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు 2009లో అలా మూడు రెట్లు నొక్కేసిన మాటనే తీసుకున్నారు. సెకనుని 1000 భాగాలు చేస్తే అందులో 40 భాగాలంత ముక్కలుగా దాన్ని కోసి, ముక్కకీ ముక్కకీ మధ్య 80 భాగాల నిశ్శబ్దం పెట్టారు. శబ్దాన్ని బాగుచేసింది ఏమీ లేదు. ముక్కలు అవే, నొక్కుడూ అదే. అయినా వింటున్నవాళ్లకు మాట మళ్లీ చాలావరకు అర్థమైంది. అంటే మూడు రెట్ల వేగంలో చెవికి శబ్దం అందకపోవడం కాదు అసలు ఇబ్బంది. అందినదాన్ని మెదడు ఒక్కో దోసిలిగా ఎత్తుకోవడానికి వ్యవధి లేకపోవడమే.

ఆ పొంగులో మెదడు పట్టించుకునేది శిఖరాన్ని కాదు, ఎక్కుడుని. ఎడ్వర్డ్ చాంగ్ అనే న్యూరోసర్జన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో మూర్ఛ రోగులకు ఆపరేషన్ కోసం మెదడు ఉపరితలం మీద ఎలక్ట్రోడులు పెట్టినప్పుడు, వాళ్ల ఒప్పుకోలుతో మాటలు వినిపించి నమోదు చేస్తుంటారు. ఆయన బృందం 2019లో ప్రకటించిన ఫలితం ఇది: శబ్దం ఎంత నిటారుగా లేస్తే, వినికిడి భాగంలో ఓ చోట ఉన్న కణాలు అంత గట్టిగా స్పందిస్తాయి. హల్లు దాటి అచ్చు మొదలయ్యే చోటే సాధారణంగా ఆ నిటారు ఎక్కుడు. ఇంగ్లీషులో ఊనిక పడే అక్షరంలో అది మరింత నిటారుగా ఉంటుంది, అందుకే అక్కడ స్పందన కూడా పెద్దదవుతుంది. ఊనిక అంటే గొంతు పెంచడం ఒక్కటే కాదు. స్వరం ఎత్తు, నిడివి, బలం మూడూ కలిసి ఒక అక్షరాన్ని పైకి లేపడం, పక్కనున్నవాటిని నలిపేయడం.

ఇక్కడ భాషల దారులు చీలిపోతాయి. ఇంగ్లీషులో 'రికార్డ్' అన్న మాటకు ఊనిక మొదట పడితే నామవాచకం, చివర పడితే క్రియ. తెలుగులో అలా ఊనికతో అర్థం మారే జంట ఒక్కటి కూడా దొరకదు. మనకి అర్థం మార్చేది నిడివి. గడి, గాడి, గడ్డి. చదరంగంలో గడి, బండి చక్రాల గాడి, గేదెకి వేసే గడ్డి. అచ్చు సాగితే ఒకటి, హల్లు ఒత్తితే ఒకటి. ఇంత సన్నటి తేడాని రెండేళ్ల పిల్ల కూడా తప్పు లేకుండా వింటుంది. అదే పిల్ల ఇరవై ఏళ్లకి ఇంటర్వ్యూలో ఇంగ్లీషు ఊనిక దగ్గర తడబడితే చెవి మొద్దుబారిందని అనుకోకూడదు. ఆ చెవి వేరే పని కోసం సానపెట్టుకుని ఉంది.

ఇలాంటిదే ఫ్రెంచివాళ్ల విషయంలో ప్రయోగం చేసి మరీ చూపించారు. ఫ్రెంచిలోనూ ఊనికతో అర్థం మారదు. స్పానిష్‌లో మారుతుంది. ఊనిక చోటు తప్ప మిగతావన్నీ ఒకేలా ఉండే కల్పిత పదాలు వినిపించినప్పుడు స్పానిష్ వాళ్లు తేలిగ్గా తేడా చెప్పారు, ఫ్రెంచివాళ్లు తెగ ఇబ్బంది పడ్డారు. 1997లో ఆ ఫలితాలు ప్రకటించిన పరిశోధకులు దాన్ని ఊనిక చెవుడు అన్నారు. ఆ ఫ్రెంచివాళ్ల చెవుల్లో లోపమేమీ లేదు, వాళ్ల మెదడుకి ఆ తేడాని గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

తెలుగు మెదడు పరాయి మాటల్ని ఏ అచ్చులో పోస్తుందో చూడాలంటే ప్రయోగశాల కూడా అక్కర్లేదు. మనం రోజూ వాడే ఇంగ్లీషు మాటలు చాలు. బస్సు, పెన్ను, కప్పు, బెడ్డు, బ్యాగు, కారు, గ్లాసు, ట్యూబు. మూలంలో అచ్చు పొట్టిదైతే మనం హల్లుని ఒత్తుతాం: బస్సు, పెన్ను, కప్పు. అచ్చు పొడుగుదైతే ఒత్తం: కారు, గ్లాసు. ఏ రకంగా చేసినా చేతికొచ్చేది ఒక గురువూ ఒక లఘువూ, మూడు మాత్రలు. ఎవరూ నేర్పని లెక్క ఇది. సంతలో కూరగాయలమ్మే అవ్వ కూడా తప్పదు. రోడ్డు లాంటివి ఒకటీ అరా తప్పించుకుంటాయి.

ఇదే లెక్క సముద్రాల అవతల జపనీయులూ వేస్తారు. ఇంగ్లీషు కప్‌ని వాళ్లూ 'కప్పు' అనే అంటారు, బెడ్‌ని 'బెడ్డో' అంటారు. జపాను భాషకీ తెలుగుకీ చుట్టరికం లేదు. కానీ జపాను భాష కూడా మాత్రల మీదే నడుస్తుంది. లలిత మూర్తి, టకాషి ఒటాకె, ఆన్ కట్లర్ కలిసి చేసి 2007లో ప్రచురించిన అధ్యయనం సరిగ్గా దీని మీదే. తెలుగువాళ్లకి జపాను మాటలు వినిపించి, ఫలానా ధ్వనుల గుంపు వినబడగానే మీట నొక్కమన్నారు. ఆ గుంపు అంచు మాత్ర అంచుతో కలిసినప్పుడు తేలిగ్గా పట్టుకున్నారు, మాత్ర మధ్యలో తెగినప్పుడు కష్టపడ్డారు. జపనీయులు తమ భాష విన్నప్పుడు కనిపించే తీరే ఇది. తెలుగువాళ్లు తెలుగే విన్నప్పుడు ఫలితాలు అంత ఏకరీతిగా రాలేదు, అయినా మొత్తం మీద రెండు జట్ల చెవులూ ఒకే పద్ధతిలో మాటని తెంపుకుంటున్నాయని తేలింది. ముక్కూ మొహం తెలియని భాషలో కూడా తెలుగువాడి మెదడు వెతికేది మాత్రనే అన్నమాట. మన ఛందశ్శాస్త్రం చెవిలో ఉన్నదాన్నే కాగితం మీద పెట్టిందనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం కనబడదు.

చెవికి ఈ సానపట్టడం తల్లి కడుపులోనే మొదలవుతుంది. చివరి మూడు నెలల్లో బిడ్డకి తల్లి గొంతు వినబడుతుంది, కానీ పొట్ట గోడలూ ఉమ్మనీరూ సన్నటి ధ్వనుల్ని మింగేస్తాయి. స, త, క లాంటివి అందవు. అందేది ఊపు, ఎత్తుపల్లాలు, ఆగుడు. 2009లో 30 మంది ఫ్రెంచి, 30 మంది జర్మన్ పసికందుల ఏడుపుల్ని రికార్డు చేసి చూశారు. అందరూ పుట్టి వారం కూడా కాని వాళ్లు. ఫ్రెంచి బిడ్డల ఏడుపు ఎక్కువగా కింది నుంచి పైకి లేచింది, జర్మన్ బిడ్డలది పై నుంచి కిందికి దిగింది. ఆ రెండు భాషల వాక్యాల పోకడా అదే. అంతకుముందు 1998లో ఇంకో ప్రయోగం. వడపోత పెట్టి మాటలన్నీ తీసేసి లయ మాత్రం మిగిల్చిన రికార్డింగులు వినిపిస్తే, పుట్టిన కొద్ది రోజుల ఫ్రెంచి పిల్లలు ఇంగ్లీషునీ జపాను భాషనీ వేరుగా గుర్తించారు. లయలో దగ్గరగా ఉండే ఇంగ్లీషునీ డచ్చినీ వేరు చేయలేకపోయారు. ఒక్క మాటకీ అర్థం తెలియని వయసులోనే లయ లెక్క పడిపోయింది.

ఉత్తరాంధ్ర యాస గురించి మాట్లాడాల్సింది ఇక్కడే. సినిమాల్లో, టీవీ కామెడీల్లో ఈ యాసని నవ్వులాటకి వాడుకోవడం దశాబ్దాలుగా నడుస్తోంది. విజయవాడ హాస్టళ్లకి వెళ్లిన శ్రీకాకుళం పిల్లలు మొదటి నెలలో నేర్చుకునేది పాఠాలు కాదు, నోరు అదుపులో పెట్టుకోవడం. అది అన్యాయం. నవ్వేవాళ్లకి తాము దేన్ని చూసి నవ్వుతున్నారో కూడా తెలియదు. 'వస్తున్నాడు' అన్న మాట ఇక్కడి పల్లెల్లో 'వత్తన్నాడు' అవుతుంది. 'చేస్తున్నాడు' కాస్తా 'సేత్తన్నాడు'. హల్లులు మారాయి, అచ్చూ మారింది. మాత్రలు లెక్కపెడితే? వస్తున్నాడు: రెండు, రెండు, రెండు, ఒకటి. వత్తన్నాడు: రెండు, రెండు, రెండు, ఒకటి. అస్థిపంజరం కదల్లేదు. అందుకే బయటి ఊరివాళ్లకి ఆ మాట కొత్తగా అనిపించినా ఎక్కడా అడ్డం పడదు. అదే 'వచ్చేశాడు' ఇక్కడ 'వచ్చీసినాడు' అయ్యే చోట ఒక మాత్ర పెరిగి వరస మారుతుంది. 'ఏమిటి' కుదించుకుని 'ఏటి' అవుతుంది, వాక్యం చివర చేరి సాగుతుంది: "వత్తావేటీ?" వినేవాళ్ల చెవి చటుక్కున ఆగేది ఇలాంటి చోట్లే. యాస అని జనం అనేదాంట్లో పెద్ద వాటా ఈ నిడివీ ఈ సాగుడే.

ఆ సాగుడుతోపాటు వచ్చే స్వరం ఎత్తుపల్లాల్ని మెదడు వేరేగా లెక్కిస్తుందని కూడా తెలిసింది. చాంగ్ బృందమే 2017లో, స్వరం ఎత్తుపల్లాల్ని మాత్రమే పట్టించుకునే కణాల గుంపుల్ని వినికిడి భాగంలో గుర్తించింది. ఏ ధ్వని పలికారన్నది వాటికి పట్టదు, ఎవరు పలికారన్నది కూడా పట్టదు. మగగొంతైనా ఆడగొంతైనా, ఆ మనిషి మామూలు స్థాయి నుంచి ఎంత లేచింది, ఎంత దిగింది అన్నదే లెక్క.

రాగం మారితే మనిషి పరాయి అయిపోతాడనడానికి ఒక బాధాకరమైన ఉదాహరణ నార్వేలో ఉంది. 1941లో బాంబు దాడిలో ఒక యువతి తలకి ఇనప ముక్క తగిలి మెదడు ఎడమ భాగం దెబ్బతింది. ప్రాణం దక్కింది, మెల్లగా మాట కూడా వచ్చింది, కానీ ఊనికా రాగం మారిపోయాయి. ఆమె నార్వే భాషే మాట్లాడుతున్నా వినేవాళ్లకి జర్మన్ మనిషి మాట్లాడినట్టు ఉండేది. దేశం జర్మనీ ఆక్రమణలో ఉన్న రోజులవి. దుకాణాల్లో ఆమెకి సరుకు అమ్మేవాళ్లు కాదు. మాన్‌రాడ్ క్రోన్ అనే డాక్టరు 1947లో ఈ కేసుని వివరంగా రాశాడు. పుట్టి పెరిగిన ఊళ్లో, సొంత భాషలో, ఒక్క మాట తప్పకపోయినా ఆమెకి అంత జరిగింది.

లయ శబ్దంలో మాత్రమే ఉండదు, వినేవాళ్లు కూడా కొంత గీసుకుంటారు. 2016లో చైనా భాషతో చేసిన ప్రయోగంలో అక్షరాల్ని సెకనుకు నాలుగు చొప్పున, ఎక్కడా విరామం లేకుండా, యంత్రం చేత సమానంగా పలికించారు. రెండేసి అక్షరాలు ఒక పదబంధం, నాలుగు కలిస్తే ఒక వాక్యం. చైనా భాష వచ్చినవాళ్ల మెదడులో సెకనుకు నాలుగు స్పందనలతోపాటు, సెకనుకు రెండు, సెకనుకు ఒకటి కూడా కనిపించాయి. భాష రానివాళ్లకి నాలుగు మాత్రమే. శబ్దంలో లేని గీతల్ని భాష తెలిసిన మెదడే గీసుకుంది.

విజయనగరంలో గురజాడ అప్పారావు 1910 ప్రాంతంలో ముత్యాల సరం నడకని కట్టినప్పుడు ఆయన నమ్ముకున్నది ఈ చెవినే. మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మళ్లీ మూడు, నాలుగు. వృత్తాలకి కావలసిన యతిప్రాసల పట్టు లేకుండానే వినేవాడికి గతి అందుతుంది. మాటలు ఎంత మామూలువైనా సరే. 'బస్సు కోట దగ్గరికి వచ్చింది' అంటే కబురు. 'కోట కాడికి వచ్చె బస్సూ' అంటే అదే కబురుకి కాళ్లొచ్చాయి: కోట మూడు, కాడికి నాలుగు, వచ్చె మూడు, బస్సూ నాలుగు. రెండోసారి అనేసరికి వేళ్లు బల్ల మీద ఆడతాయి. లయని కూర్చుని వింటున్నప్పుడు కూడా మెదడులో కదలికల్ని నడిపే భాగాలు పనిచేస్తాయని ఎంఆర్ఐ స్కాన్లలో తేలింది. తప్పెటగుళ్లు చూసేవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. రొమ్ము మీద తప్పెట కట్టుకుని ఆడుతున్నవాడి చుట్టూ కూర్చున్నవాళ్ల మోకాళ్లు చూస్తే చాలు.

ఆ కదలిక దారి వైద్యానికీ పనికొచ్చింది. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన మనిషి మంచినీళ్లు కావాలని అడగలేడు, కానీ చిన్నప్పటి భజన పాట ఆసాంతం పాడగలడు. ఇళ్లలో జనం దీన్ని చూసి ఆశ్చర్యపోతుంటారు. 1973లో అమెరికా వైద్యులు దీన్ని ఆసరా చేసుకుని ఒక చికిత్స రూపొందించారు. రోగి చేత చిన్న చిన్న వాక్యాల్ని రాగం తీసి అనిపిస్తారు, అక్షరానికొకసారి ఎడమ చేత్తో బల్ల మీద తట్టిస్తారు. పనిచేసేది రాగమే అని చాలాకాలం అనుకున్నారు. 2011లో జర్మనీలో 17 మంది రోగులతో చేసిన అధ్యయనంలో రాగం కన్నా లయే ఎక్కువ ఆసరా అయినట్టు వచ్చింది. మంచం పక్కన కూర్చున్న కోడలో కూతురో "మం-చి నీ-ళ్లు" అని తడుతూ అనిపించడం పిచ్చిపని కాదు. స్పీచ్ థెరపిస్టు సలహా తీసుకుని చేస్తే మరీ మంచిది.

బడి సంగతికొస్తే, ఈ జ్ఞానమంతా తరగతి గది గుమ్మం దగ్గరే ఆగిపోయింది. చదవడంలో వెనకబడే పిల్లల్లో చాలామందికి అక్షరంలోని ఆ ఎక్కుడుని పట్టుకోవడం కష్టంగా ఉంటుందని కేంబ్రిడ్జిలో ఉషా గోస్వామి ఏళ్ల తరబడి చూపిస్తూ వచ్చారు. అలాంటి పిల్లలకి చప్పట్లతో, తాళంతో అక్షరాలు విడగొట్టడం నేర్పిస్తే మేలు. పద్యం గొంతెత్తి చదివించడం మన బడుల్లో ఒకప్పుడు రోజూ జరిగే పనే. ఇప్పుడు అది పరీక్షకి బట్టీ పట్టే నాలుగు లైన్లుగా మిగిలింది. మందస, మెళియాపుట్టి కొండల్లోని సవర పిల్లలకైతే బడిలో అడుగుపెట్టిన రోజే లయ మారిపోతుంది. వాళ్ల భాష ముండా కుటుంబానిది, తెలుగుతో సంబంధం లేనిది. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి ఆ భాషని చెవితో విని నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. మన్యం జ్వరాలకి వేసుకున్న క్వినైన్ వల్ల ఆ చెవులే ఆయనకి పోయాయి.

ఇంగ్లీషు దగ్గరైతే ఇవాళే, ఖర్చు లేకుండా చేయగలిగింది ఒకటుంది. ఊనిక అన్న మాట ఎత్తకుండా, పిల్లలకి బాగా తెలిసిన నిడివినే ఆధారం చేసుకోవడం. బల్ల మీద కొడుతూ 'హోటల్' అనమంటే అందరూ మొదటి అక్షరం సాగదీస్తారు. "ఇప్పుడు రెండోది సాగదీయండి, మొదటిది మింగేయండి" అంటే 'హొటేల్' వస్తుంది. ఆ సాగదీత ఇంగ్లీషు ఊనికకి పూర్తిగా సమానం కాదు, కానీ ఎక్కుడు సరైన చోట పడుతుంది. 'డెవలప్' అన్నవాడు 'డివేలప్' దగ్గరికి వస్తాడు. 'ఫోటోగ్రాఫ్' నుంచి 'ఫటాగ్రఫర్'కి బరువు ఒక మెట్టు జరగడం పిల్లలు తామే కనిపెడతారు. గురువు, లఘువు గుర్తులు వాళ్లకి ఎలాగూ వచ్చు. నల్లబల్ల మీద ఇంగ్లీషు మాట రాసి, దాని నెత్తిన ఆ గుర్తులే పెట్టొచ్చు.